కార్డిగాన్ ఎవరు? అల్లింది ఎవరు?

మంకీ క్యాప్ తెలియని తెలుగిల్లు ఉండదనుకుంటా. డిసెంబరులో పొద్దున్నే పాలప్యాకెట్టుకి బయల్దేరే తాతగార్ల నెత్తిన, తిరుమల కొండ మీద గుండు చేయించుకున్న పిల్లల నెత్తిన, కాశీయాత్రకి సర్దిన సూట్‌కేసుల్లో తప్పకుండా కనిపిస్తుంది. కళ్లూ ముక్కూ వదిలేసి మిగతా తలంతా కప్పేసే ఆ టోపీకి ఇంగ్లీషులో అసలు పేరు బాలక్లావా. అది ఒక ఊరి పేరు. నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలో ఉన్న చిన్న రేవు. మఫ్లరు తర్వాత నేను అల్లిన రెండో వస్తువు మా నాన్నగారికి మంకీ క్యాపే. ఆ పేరు ఎందుకొచ్చిందా అని చదువుకుంటూ పోతే ఒక యుద్ధంలో తేలాను.

1853 నుంచి 1856 దాకా రష్యాతో బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ వాళ్లు చేసిన యుద్ధం అది. బ్రిటిష్ సైన్యానికి సరుకులన్నీ బాలక్లావా రేవులోనే దిగేవి. 1854 నవంబరు 14న పెద్ద తుఫాను వచ్చి, చలికాలం బట్టలు మోసుకొచ్చిన ‘ప్రిన్స్’ అనే ఓడ రేవు బయటే మునిగిపోయింది. ఆ చలికాలం గుడారాల్లో సిపాయిలు గుళ్లు తగిలి పోయినదానికన్నా చలికీ, రోగాలకీ ఎక్కువమంది పోయారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మనం చిన్న క్లాసులో చదువుకున్నది ఈ యుద్ధం వల్లే. వార్తలు పత్రికల్లో చదివిన ఆడవాళ్లు బ్రిటన్‌లో ఇళ్లలో కూర్చుని మఫ్లర్లు, చేతి తొడుగులు, టోపీలు అల్లి పంపించారు. ఆ టోపీకి బాలక్లావా అన్న పేరు అచ్చులో కనిపించడం మాత్రం కొన్ని దశాబ్దాల తర్వాతే. మనవాళ్లు దాన్ని మంకీ క్యాప్ చేసేశారు. నన్నడిగితే మన పేరే నయం, కనీసం చూడగానే అర్థమవుతుంది.

అదే యుద్ధంలో ఇంకో ఇద్దరున్నారు. ముందు గుండీలు పెట్టుకునే స్వెట్టర్ని కార్డిగాన్ అంటాం కదా, అది ఒక ప్రభువు బిరుదు. ఏడో ఎర్ల్ ఆఫ్ కార్డిగాన్, అసలు పేరు జేమ్స్ బ్రూడెనెల్. 1854 అక్టోబరు 25న బాలక్లావా దగ్గరే సుమారు 670 మంది గుర్రపు రౌతుల్ని నేరుగా రష్యా ఫిరంగుల ఎదుటికి నడిపించినవాడు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ గందరగోళంగా ఉంది, తప్పంతా ఆయనది కాదంటారు. ఆయన మాత్రం క్షేమంగా తిరిగొచ్చాడు. కింది సిపాయిలు బురదలో గుడారాల్లో పడుకుంటే, ఈయన రేవులో లంగరు వేసిన తన సొంత విహార నౌకలో పడుకునేవాడు. ఆయన వేసుకునే ఉన్ని కోటు పేరుమీద స్వెట్టరుకి ఆ పేరొచ్చింది.

రెండోది రాగ్లాన్. జాకెట్టుకి చంక దగ్గర గుండ్రంగా కత్తిరించి చేయి అతికిస్తాం. రాగ్లాన్ చేతికి ఆ గుండ్రం ఉండదు, మెడ దగ్గర నుంచి చంక దాకా ఏటవాలు గీతలా వస్తుంది. అల్లేవాళ్లకి అది వరం. మెడ దగ్గర మొదలుపెట్టి, నాలుగు చోట్ల కుట్లు పెంచుకుంటూ కిందికి వస్తే చేతులూ ఒళ్లూ ఒకేసారి తయారవుతాయి, చివర్లో అతుకులు వేసే పనే ఉండదు. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు అల్లిన మొదటి స్వెట్టరు అదే. క్రిమియాలో మొత్తం బ్రిటిష్ సైన్యానికి అధిపతి లార్డ్ రాగ్లాన్. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్నాడు. ఆయనకి తొడుక్కోవడానికి వీలుగా అలాంటి చేయి కుట్టారని చెప్పుకుంటారు. 1855లో క్రిమియాలోనే జబ్బుచేసి పోయాడు.

నాకు అప్పుడు పట్టుకుంది ఒక ఆలోచన. టోపీకి యుద్ధం జరిగిన ఊరి పేరు, స్వెట్టరుకి ఒక సేనాని పేరు, చేతికి ఇంకో సేనాని పేరు. ఇద్దరిలో ఎవ్వరూ సూది పట్టుకున్నవాళ్లు కాదు. మరి అల్లినవాళ్ల పేర్లేవి?

నేను అల్లిక నేర్చుకున్నది ఢిల్లీలో. మావారి ఉద్యోగం అక్కడికి మారినప్పుడు ఎదురింటి పంజాబీ ఆంటీ నేర్పారు. చలికాలం మధ్యాహ్నం ఎండపొడ తగిలే మెట్ల మీద కూర్చుని ‘సీధా, ఉల్టా’ అనేవారు. బడిలో కుట్లు అల్లికల క్లాసులో టీచరు చెప్పిన ప్లెయిన్, పర్ల్ కన్నా నాకు ఆ మాటలే నోటికొస్తాయి. ఆవిడ పుస్తకం చూసి అల్లడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్నవాళ్ల స్వెట్టరు చూసి, రెండు వేళ్లతో సాగదీసి, ‘ఆహా’ అనుకుని ఇంటికెళ్లి అల్లేసేవారు. ఇన్ని వందల ఏళ్లూ ఈ విద్య నడిచింది అలాగే. ఇంగ్లీషులో అల్లిక విధానం అచ్చయిన మొదటి పుస్తకం 1655 నాటిది. అప్పటికే అల్లిక వయసు కొన్ని శతాబ్దాలు.

అసలు ఎక్కడ పుట్టిందంటే, చలిదేశంలో పుట్టి ఉంటుందని నేనూ అనుకున్నాను. కానీ ఇప్పటిదాకా దొరికిన పాత అల్లికల్లో ముఖ్యమైనవి ఈజిప్టులో దొరికాయి. సుమారు 11 నుంచి 14వ శతాబ్దాల మధ్యవి, అవీ నూలు సాక్సులు! తెల్ల నూలు, నీలిమందు వేసిన నూలు కలిపి వేలి కొస దగ్గర నుంచి పైకి అల్లారు. రంగులు మార్చుకుంటూ అడ్డంగా బొమ్మలు వేశారు. ఇంత నేర్పు ఒక్కసారిగా రాదు కాబట్టి వాటి వెనక ఇంకెన్నో తరాల పని ఉండాలి, అది మట్టిలో కలిసిపోయింది. చలిలేని ఊళ్లో ఉంటూ అల్లికేంటే అని మా ఆడపడుచు వెక్కిరిస్తుంటుంది. ఈజిప్టు సాక్సుల సంగతి చెప్పాక మానేసింది.

వీటికన్నా పాతవి, 250-420 మధ్యవని చెప్పే ఎర్ర ఉన్ని సాక్సులు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. అవీ ఈజిప్టువే. బొటనవేలికి ఒక గది, మిగతా వేళ్లకి ఒక గది. చెప్పులు వేసుకోవడానికన్నమాట! మనం చలికాలంలో చెప్పుల్లోకి వేసుకునే వేలు సాక్సులే. కాకపోతే అది రెండు సూదుల అల్లిక కాదు, ఒకే సూదితో ముడి ముడికీ దారమంతా లాగి చేసే ఇంకా పాత పద్ధతి. చూడ్డానికి మన అల్లికలాగే ఉంటుంది, విప్పితే మాత్రం జారిపోదు.

సాక్సు దగ్గరే నేను ఎక్కువ కాలం ఆగాను. మఫ్లరు అంటే ఓపిక, అంతే. సాక్సుకి లెక్క కావాలి. పైనుంచి గొట్టంలా నాలుగైదు సూదుల మీద గుండ్రంగా అల్లుకుంటూ వస్తాం. మడమ దగ్గరికి రాగానే సగం కుట్లని పక్కన ఆపేసి, మిగతా సగం మీదే వెనక్కీ ముందుకీ అల్లాలి. తర్వాత వరస పూర్తి చెయ్యకుండా మధ్యలోంచే తిరిగి వస్తుంటే, బల్లపరుపుగా ఉన్న అల్లిక చిన్న గిన్నెలా వంగుతుంది. కత్తెర లేదు, అతుకు లేదు, దారం ఒక మలుపు తిరిగింది. మొదటిసారి ఆ మడమ చేతిలో తయారైనప్పుడు రాత్రి పదకొండయింది, మావారిని నిద్రలేపి మరీ చూపించాను. ‘బావుంది, పడుకో’ అన్నారు.

యూరప్‌కి చేరాక అల్లిక కొన్నాళ్లు మగవాళ్ల వృత్తి అయింది. సంఘాలు కట్టుకున్నారు, ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తేగానీ పనివాడుగా గుర్తించేవారు కాదు. కొన్నిచోట్ల పరీక్షగా రంగురంగుల తివాచీ అల్లి చూపించాలి. 1781 నాటి అలాంటి తివాచీ ఒకటి ఇప్పటికీ ఉంది. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే మరమగ్గం కనిపెట్టాడు. చేతితో అల్లి బతికేవాళ్లు బిచ్చగాళ్లవుతారని ఎలిజబెత్ రాణి దానికి హక్కు పత్రం ఇవ్వలేదన్న కథ ఉంది. మెల్లమెల్లగా మరలు పెరిగాయి, డబ్బొచ్చే పని మరల దగ్గరికి పోయింది. చేతి అల్లిక పల్లెల్లో పేద ఆడవాళ్ల దగ్గరా, పట్నాల్లో ఉన్నవాళ్ల ఇళ్లలో కాలక్షేపంగానూ మిగిలింది.

సాక్సు చివర వేళ్ల దగ్గర రెండు వైపుల కుట్లనీ గీత కనపడకుండా సూదీదారంతో కలిపే పద్ధతి ఒకటుంది. దాన్ని కిచెనర్ కుట్టు అంటారు. ఇంకో సేనాని! 1902 నుంచి 1909 దాకా మన దేశంలోనే సర్వసేనాధిపతిగా ఉన్న కిచెనర్. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ యుద్ధ మంత్రి ఆయనే. కందకాల్లో నీళ్లలో నిలబడి సిపాయిల కాళ్లు కుళ్లిపోతుంటే సాక్సులు మందులాగా అవసరమయ్యాయి. 1914లోనే మేరీ రాణి మూడు లక్షల జతల సాక్సులు కావాలని ఆడవాళ్లని అడిగింది. పల్చటి నూలు బట్టలతో ఫ్రాన్సులో దిగిన మన సిపాయిలకి ఆ మొదటి చలికాలం ఎలా గడిచిందో ఊహించుకోండి. వేళ్ల దగ్గర అతుకు గీత ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయని ఆయన ఈ కుట్టు చెప్పించాడని ఒక కథ. కుట్టు ఆయన కనిపెట్టింది కాదు, అందులో అనుమానం లేదు. అంతకుముందు దక్షిణాఫ్రికా యుద్ధంలో ఆయన హయాంలో పెరిగిన నిర్బంధ శిబిరాల్లో ఇరవై వేలకి పైగా బోయర్ స్త్రీలూ పిల్లలూ చచ్చిపోయారు. నల్లజాతివాళ్లకి వేరే శిబిరాలు పెట్టారు, అక్కడా వేలమంది పోయారు. అందుకే ఇప్పుడు చాలామంది అల్లేవాళ్లు ఆ పేరు వాడడం మానేసి ఊరికే అతుకు కుట్టు అంటున్నారు. నేనూ అంతే.

సాక్సుల తర్వాత జాలీ శాలువా మొదలుపెట్టాను. ఆ పని నేర్చుకోవాలంటే షెట్లాండ్ పేరు వినకుండా కుదరదు. స్కాట్లండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న దీవులవి. అక్కడి గొర్రెల మెడ దగ్గర మెత్తటి ఉన్నిని చేత్తో తీసి, సాలెగూడంత సన్నగా వడికి శాలువాలు అల్లేవారు. ఆరడుగుల చదరపు శాలువా కూడా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది. తూకం వేస్తే వంద గ్రాములు ఉండదు. ఇవి రాణీగారి దాకా వెళ్లాయి, లండన్ దొరసానుల భుజాలెక్కాయి. అల్లినవాళ్లు మాత్రం వీపు మీద బుట్టలో పొయ్యిలోకి మట్టి గడ్డలు మోసుకుంటూ, నడుముకి కట్టుకున్న తోలు పటకాలో సూది గుచ్చుకుని, నడుస్తూ కూడా అల్లేవారు. చేతులు ఖాళీగా ఉన్న క్షణం లేదు.

కూలి ఎలా ఇచ్చేవారో చెప్పాలి. శాలువా తీసుకెళ్లి షావుకారుకిస్తే డబ్బు చేతికివ్వడు. తన కొట్లో ఉన్న సరుకు ఇస్తాడు, టీ పొడి, గుడ్డముక్క. ఇంట్లో పిండి లేకపోతే ఆ టీ పొడే పట్టుకెళ్లి ఇరుగుపొరుగు దగ్గర తిండికి మార్చుకోవాలి. 1872లో ప్రభుత్వం ఈ పద్ధతి మీద విచారణ జరిపించింది. అల్లేవాళ్లు, మామూలు పల్లెటూరి ఆడవాళ్లు, అధికారి ముందు నిలబడి ఎన్ని రోజులు అల్లారో, ఎంత సరుకిచ్చారో, నగదు అడిగితే ఏమన్నారో ఒక్కొక్కటీ చెప్పారు. అదంతా వాళ్ల పేర్లతో సహా అచ్చయింది. సేనాపతుల పేర్లు స్వెట్టర్లకి తగిలించుకున్న చరిత్రలో, నిజంగా అల్లినవాళ్ల పేర్లు నాకు తెలిసి మొదట వరసగా కనిపించేది ఈ కూలి లెక్కల కాగితాల్లోనే.

అది చదువుతుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. వాళ్లది పాలకొల్లు దగ్గర పల్లె. ఆ ప్రాంతమంతా నరసాపురం లేసు. రెండు సూదుల ఊలు అల్లిక కాదు, కొక్కెం ఉన్న ఒక్క సూదీ నూలు దారమూ. ఇంగ్లీషులో రెండింటికీ వేర్వేరు పేర్లు, మనకి రెండూ అల్లికే. జడ అల్లుతాం, మాల అల్లుతాం, తడిక అల్లుతాం, కథలు కూడా అల్లుతాం. బట్టని మాత్రం నేస్తాం. డిగ్రీలో మా మాస్టారు పద్యం బిగువు గురించి చెప్పేటప్పుడు ‘అల్లిక’ అనే అనేవారు.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాల్లో ఆడవాళ్లకి ఈ లేసు పని నేర్పారు. తర్వాత వ్యాపారస్తులు అందుకున్నారు. దారం ఇంటికి తెచ్చిస్తారు, ముక్కల లెక్కన కూలిస్తారు, సరుకు విదేశాలకి పోతుంది. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. కాబట్టి పూర్తయిన టేబుల్ గుడ్డ ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1970లలో అక్కడికొచ్చి ఉండి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం వేసింది. ఆవిడ చూసిందేమిటంటే, వాళ్లు ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్నారు. పొలం కూలికి వెళ్లే ఆడవాళ్లకన్నా వీళ్లకి తక్కువ ముడుతోంది. అయినా వీళ్లని కార్మికులు అనడానికి వ్యాపారస్తులూ ఒప్పుకోరు, ఇంట్లో మగవాళ్లూ ఒప్పుకోరు. గడప దాటి పనికెళ్లని ఇల్లాళ్లు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు, అంతే.

సెలవులకి వెళ్లినప్పుడు వసారాలో దారం వేలికి చుట్టుకుని కూర్చున్న పెద్దమ్మని నేను అడిగేదాన్ని, ‘ఎందుకు పెద్దమ్మా అస్తమానం అల్లుతావు?’ అని.

‘ఊరికే కూర్చోలేకే తల్లీ’ అనేది.

ఆ ఊరికే డబ్బులతోనే మా అన్నయ్య పాలిటెక్నిక్ ఫీజు కట్టారు. ఈ సంగతి నాకు ఆవిడ పోయాక అన్నయ్యే చెప్పాడు. ఆవిడ అల్లిన లేసు ముక్క ఒక్కటి కూడా మా ఎవరింట్లోనూ లేదు. అంతా వెళ్లిపోయింది. నరసాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ముక్క కూలి ఎంత పెరిగిందో ఆ ఊళ్లో ఉన్న చదువరులెవరైనా ఉంటే రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నాది హాబీ. ఊలు నా డబ్బుతో కొనుక్కుంటాను, విసుగొస్తే పక్కన పడేస్తాను. పెద్దమ్మకి ఆ వీలు లేదు. ఆమె చేసినదీ నేను చేసేదీ ఒకే మాటతో పిలుస్తున్నాం కానీ రెండూ ఒకటని అనలేను.

ఇల్లాలిగానే ఉంటూ తన పేరు తానే నిలబెట్టుకున్నవాళ్లు అల్లికలో లేకపోలేదు. ఎలిజబెత్ జిమ్మర్మన్ అంటే నాకు చాలా ఇష్టం. 1910లో ఇంగ్లండులో పుట్టి, 1937లో అమెరికా వెళ్లి, పిల్లల్ని పెంచుకుంటూ అల్లేది. గుండ్రంగా అతుకులు లేకుండా అల్లే స్వెట్టరు నమూనా పంపిస్తే, ఒక దారం కంపెనీ వాళ్లు దాన్ని ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టేలా మార్చి అచ్చేశారు. కోపమొచ్చి తన ఉత్తరాలు తానే అచ్చేసుకుని పంపడం మొదలుపెట్టింది. ఒక పాత బడి భవనంలో కాపురం పెట్టి, దాని పేరుతోనే ప్రచురణ సంస్థ నడిపింది. 1971లో వచ్చిన ఆవిడ పుస్తకం ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇంతచేసీ, తాను దేన్నీ కొత్తగా కనిపెట్టానని చెప్పుకోలేదు. ఎప్పుడో ఎవరో ఎక్కడో ఇది చేసే ఉంటారు, నేను మళ్లీ తవ్వి తీశానంతే అనేది. ఆ ‘ఎవరో’ అన్న మాట దగ్గర నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆవిడ లెక్క వంటింట్లో కొలతలంత సులువు. ఛాతీ చుట్టుకొలతకి ఎన్ని కుట్లో అది నూరు శాతం. మణికట్టుకి అందులో 20 శాతం, జబ్బ దగ్గర మూడో వంతు, మెడకి 40 శాతం. ఇంక ఏ నమూనా కాగితమూ అక్కర్లేదు, ఎవరి ఒంటికైనా అల్లొచ్చు.

ఇప్పుడు సూదుల మీద ఉన్నది మా అమ్మాయి స్వెట్టరు. హాస్టల్లో చలిగా ఉంటోందట. ముప్పై ఆరు అంగుళాలు, అంగుళానికి ఐదు కుట్లు, మొత్తం 180. మణికట్టు 36, జబ్బ 60, మెడ 72. జాలీ శాలువా పక్కన పెట్టి ఇది మొదలుపెట్టాను. కింది పట్టీ అయిపోయింది, ఒళ్లు ఎనిమిది అంగుళాలు వచ్చింది. చంక దాకా ఇంకో ఆరు అల్లాలి, సంక్రాంతి సెలవులకి అది వచ్చేలోపు.